బుల్లయ్య కల్లంలో ఏడున్నర సీరియల్

సోమవారం పొద్దున్నే బుల్లయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఇంటి ముందు కల్లంలో మిరపకాయ గలగలలాడేలా ఎండింది. ఆటో పంపి కూలీలను పిలిపిస్తే వారం తిరిగేలోగా రంగు పోయిన తాలుకాయలు ఏరి పారేస్తారు. శనివారం గోతాలకెత్తి లారీ ఎక్కిస్తే గుంటూరు యార్డుకి చేరిపోతుంది. శనివారం దాటితే వాన పడొచ్చని రేడియోలో చెప్పారు. ఎండిన కాయ మీద నాలుగు చినుకులు పడ్డాయంటే ఎర్రకాయ కూడా తాలైపోతుంది, ఏడాది చాకిరీ కల్లంలోనే కుళ్ళిపోతుంది. ఆ భయమొక్కటే తప్ప బుల్లయ్యకు వేరే దిగులు లేదు. భార్య కనకలక్ష్మి మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కని అద్దంకి వెళ్ళింది కాబట్టి పథకంలో తప్పులు వెతికే మనిషి కూడా ఇంట్లో లేదు.

కూలీల కోసం వెళ్ళిన బాజీ ఖాళీ ఆటోతో తిరిగొచ్చాడు. అందరూ త్రినాథ్ కల్లానికి వెళ్ళిపోయారని చెప్పాడు. అక్కడ కూలి ఎక్కువ ఇస్తున్నారా అంటే లేదన్నాడు. భోజనం పెడుతున్నారా అంటే అదీ లేదన్నాడు. అక్కడ జనరేటర్ ఉందట.

జనరేటర్‌కీ తాలుకాయలకీ ఉన్న సంబంధం బుల్లయ్య బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది. ఆ రోజుల్లో ఊళ్ళో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా కరెంటు కోత. టీవీలో నవ్వుల సీరియల్ వచ్చేది ఏడున్నరకి. ఊరందరికీ ఆ సీరియల్ అంటే ప్రాణం, చూసే దారి మాత్రం లేదు. ఒక్క త్రినాథ్ ఇంట్లోనే జనరేటర్ ఉంది. అతని భార్య శ్రీరమ్య సీరియల్ చూసి, తెల్లారాక కల్లంలో కూలీలకు ఆ కథ చెబుతుంది. తాలుకాయలు ఏరేవాళ్ళకు చేతులకే తప్ప చెవులకు పని ఉండదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, తుమ్ముకుంటూ పొద్దస్తమానం కూర్చోవాలంటే చెవుల్లో ఏదో ఒకటి పడుతుండాలి.

బుల్లయ్య బండి వేసుకుని నేరుగా త్రినాథ్ కల్లానికే వెళ్ళి, కూలీల మేస్త్రి బసవమ్మను గట్టు మీదికి పిలిచాడు. ఆమె అతన్ని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి, మొహమాటాలేం లేవు. అతను అడగాల్సింది అడిగాక ఆమె తన కష్టం తాను చెప్పుకుంది. శ్రీరమ్య డిగ్రీ చదివిన పిల్ల, మంచిదే, కానీ కథ చెప్పడం బొత్తిగా రాదు. అరగంట సీరియల్‌ని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఏముంది, ఒకళ్ళనొకళ్ళు తప్పుగా అనుకున్నారు, చివరికి నిజం తెలిసింది, రోజూ అదేగా అంటుంది. ఆ రెండు ముక్కలూ విని పొద్దుగూకేదాకా కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? పైగా త్రినాథ్ కాయ ఇంకా పచ్చిగానే ఉంది, దానికంత తొందరేమీ లేదు.

"నువ్వు పేటకెళ్ళి చూసొచ్చి చెప్తానంటే రేపట్నించి నీ కల్లంలోనే కూర్చుంటాం అబ్బాయ్," అంది బసవమ్మ. "మొత్తం చెప్పాలి. ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో అది కూడా."

బుల్లయ్య ఒప్పుకున్నాడు. కాయ ఒడ్డున పడుతుందంటే అతను ఆ సాయంత్రం ఆ చీరలు కట్టుకోవడానికైనా ఒప్పుకునేవాడే.

చిలకలూరిపేటలో ఆ వేళ కరెంటు పోదు. అక్కడ గోతాల కొట్టు నడిపే మొహిద్దీన్ బాషా బుల్లయ్యకు పాత స్నేహితుడు, కొట్లో టీవీ ఉంది. ఏడు కాకముందే బుల్లయ్య వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. తీరా చూస్తే టీవీలో క్రికెట్టు. దక్షిణాఫ్రికాలో వరల్డ్ కప్ జరుగుతున్న రోజులవి. మనవాళ్ళు ఆడని రోజున కూడా బాషా రెప్ప వెయ్యకుండా చూస్తాడు. ఛానల్ మార్చమంటే వినపడనట్టు ఊరుకున్నాడు. పక్కన టీకొట్టులో తొంగిచూస్తే అక్కడా క్రికెట్టే, మంగలి షాపులోనూ క్రికెట్టే. ఏడున్నర దాటింది, ఎనిమిదీ దాటింది. అప్పటికి బుల్లయ్య కూడా వచ్చిన పని మరిచిపోయి, ఎవడో పేరు తెలియని బౌలర్‌ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు.

గుర్తొచ్చాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రేపు పొద్దున కల్లంలో ఏం చెప్పాలి? బాషా తాపీగా తల తిప్పి, అదీ ఒక సమస్యేనా అన్నాడు. అతని భార్య ఖుర్షిదా అలాంటి సీరియళ్ళన్నీ ఏళ్ళ తరబడి చూస్తోంది. అతను పక్కగదిలో పడుకుని వింటూనే ఉన్నాడు. వాళ్ళందరి దగ్గరా కలిపి ఉన్నవి నాలుగే కథలని అతను లెక్క తేల్చాడు.

"ఎవరో వస్తారు, ఇంకెవరో అనుకుంటారు. అదొకటి," అంటూ బాషా వేలు ముడిచాడు. "ఏదో వస్తువు పోద్ది. అందరూ అందర్నీ అనుమానిస్తారు, చివరికి పోగొట్టుకున్నోళ్ళ దగ్గరే దొరుకుద్ది. పెళ్ళాం మొగుణ్ణి అనుమానిస్తది, అదొకటి. ఆఫీసర్ని భోజనానికి పిలిస్తే వంట చెడిపోద్ది. అంతే అన్నా. చీరలు మార్చి మళ్ళీ తీస్తారు."

"ఇవాళ ఏదొచ్చుంటది?"

"ఏదొస్తే ఏంటి?"

మంగళవారం పొద్దున బుల్లయ్య కల్లంలో స్టూలు వేసుకుని మొదటి కథ అందుకున్నాడు. సీరియల్లో చలపతి, ప్రమీల అని మొగుడూ పెళ్ళాలు ఉంటారన్నంత వరకు అతనికి తెలుసు. చలపతి ఇంటికి చెల్లెలి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషిని పంపు రిపేరు చేసేవాడనుకుని, పట్టుకారు చేతికిచ్చి పెరట్లోకి తోశారని చెప్పాడు. మొదట్లో మాట తడబడింది. కాసేపటికి ఊపొచ్చింది. పెద్దమనిషికి తన మేనమామ నడక తగిలించాడు, పంపుకి తన పొలంలో మోటారు రోగాలన్నీ అంటగట్టాడు. ప్రమీలకు కనకలక్ష్మి బీరువాలో ఉన్న చీరలన్నీ ఒక్కొక్కటే కట్టబెట్టాడు. కూలీలు తుమ్ములు ఆపుకుని మరీ నవ్వారు.

అందరిలోకీ అనుమానం ఎక్కువున్న గుల్జార్ బేగం మధ్యాహ్నం అన్నాల వేళ శ్రీరమ్య దగ్గరకు వెళ్ళి ఆరా తీసింది. రాత్రి సీరియల్లో పంపు రిపేరు కథే వచ్చిందా అని అడిగితే, శ్రీరమ్య చేతిలో పత్రిక దించకుండానే, ఆ అదే, ఒకళ్ళనొకళ్ళు తప్పుగా అనుకున్నారు, చివరికి నిజం తెలిసింది అని చెప్పింది. గుల్జార్ బేగం తృప్తిగా తిరిగొచ్చి, బుల్లయ్య పొల్లుపోకుండా చెబుతున్నాడని అందరికీ హామీ ఇచ్చింది.

బుధవారం మామ్మగారి కట్టుడుపళ్ళు పోయాయి. ఇంటిల్లిపాదీ ఒకరి పెట్టెలు ఒకరు వెతుక్కున్నారు. కోడలు పుట్టింటికి పోతానంది, అల్లుడు ఒట్టు వేశాడు. చివరికి పళ్ళు మామ్మగారి నోట్లోనే ఉన్నాయి. ఈ కథ మధ్యాహ్నం దాకా సాగింది. పక్క కల్లాల నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి చేరారు. ఎర్రకాయ కుప్ప పెరుగుతోంది, ఏరాల్సిన కుప్ప తరుగుతోంది. బుల్లయ్యకు లోలోపల గర్వం మొదలైంది. ఆ సాయంత్రం బాషా కొట్టుకి వెళ్ళినప్పుడు ఛానల్ మార్చమని అడిగిన పాపాన పోలేదు. తాను మెచ్చుకున్న జట్టు గెలిచిందని బాషా సంబరపడి, సీసా తీసి బుల్లయ్య చొక్కాకి ఇంత అత్తరు రాశాడు.

గురువారానికి మూడో కథ. పెళ్ళాం మొగుణ్ణి అనుమానించాలి. ఎందుకు అనుమానించాలో బుల్లయ్య ఎక్కువ దూరం వెళ్ళి వెతకలేదు, చెయ్యి చాపితే అందినదే తీసుకున్నాడు. చలపతి రోజూ సాయంత్రం ఏదో వంక చెప్పి టౌనుకి పోతాడు, పొద్దుపోయాక వస్తాడు, చొక్కా మీద సెంటు వాసన. ప్రమీల చొక్కా అందుకుని వాసన చూసేచోట కథను ఆపి, కాసేపు మంచినీళ్ళు తాగాడు. కూలీల చేతులు యంత్రాల్లా ఆడుతున్నాయి. అప్పుడు వెనక నుంచి మజ్జిగ కుండ కింద పెట్టిన చప్పుడైంది. తెల్లవారుజాము బస్సుకి అద్దంకిలో ఎక్కిన కనకలక్ష్మి ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు.

బుల్లయ్యకు తెలియని సంగతి ఒకటుంది. ముందురోజు ఏడున్నరకి అద్దంకిలో కరెంటు నిక్షేపంలా ఉంది. ఫంక్షన్‌కి వచ్చిన ఆడవాళ్ళందరితో కలిసి కనకలక్ష్మి సీరియల్ చూసింది. అందులో చలపతి ఆఫీసర్‌ని భోజనానికి పిలిచాడు, సాంబారు గిన్నె ఆయన ఒళ్ళో బోర్లాపడింది. చొక్కా లేదు, సెంటూ లేదు.

"ఇదెప్పుడొచ్చింది?" అని అడిగింది కనకలక్ష్మి.

"నిన్ననే. పేటలో బాషా కొట్లో చూశా. రోజూ అక్కడికేగా పోయేది."

"అట్నా," అని ఆమె ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో కొయ్యకు అతని చొక్కా వేలాడుతోంది. మిరప కాలంలో రైతు చొక్కా దులిపితే ఇల్లంతా తుమ్మాలి. కనకలక్ష్మి దులిపింది, తుమ్ము రాలేదు. అత్తరు వాసన వచ్చింది.

మధ్యాహ్నం బుల్లయ్య అన్నానికి వెళ్తే ఆమె గుమ్మంలో నిలబడి, అన్నం వడ్డించమంటారా అని అడిగింది. బుల్లయ్య చెయ్యి కడుక్కుంటున్నవాడల్లా ఆగిపోయాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె అతన్ని నువ్వనే పిలిచింది. ఏమయ్యా అంటుంది, కోపమొస్తే ఇంకా చాలా అంటుంది. మీరు అని మాత్రం ఏనాడూ అనలేదు. ఆ గౌరవానికి అతనికి చెమటలు పట్టాయి. పప్పులో ఉప్పు లేదని గమనించి కూడా నోరెత్తకుండా తిని లేచాడు.

సాయంత్రం గుల్జార్ బేగం నీళ్ళ కుండ దగ్గర అతన్ని పట్టుకుంది. జరిగిందేమిటో కల్లంలో అందరికీ అర్థమైపోయింది, అర్థంకానిది బుల్లయ్య ఒక్కడికే. సెంటు వాసనతో ఇంటికొచ్చే ఆ చలపతి అతనేనని కనకలక్ష్మి అనుకుంటోందని ఆమె ఓపిగ్గా విడమరిచి చెప్పింది.

"చీర మాత్రం తేమాకన్నా," అంది చివర్లో. "చీర తెచ్చాడంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఏ సీరియల్లో అయినా అంతే."

నిజానికి చీర తేవాలన్న ఆలోచన బుల్లయ్యకు అంతవరకు లేదు. ఆమె అన్నాకే వచ్చింది. ఆ సాయంత్రం పేటకు వెళ్ళి, బాషా కొట్టు మెట్లయినా ఎక్కకుండా బట్టల షాపుకి పోయి, మంచి చీరాల చీర ఒకటి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆమె మడత విప్పి అంచు చూసింది.

"ఎవరు వద్దంటే నాకు తెచ్చారు?" అని అడిగి, చీర బల్ల మీద పెట్టేసింది.

శుక్రవారం పొద్దున బుల్లయ్య ఇంటి వరండాలో, కల్లంలోకి బాగా కనబడేచోట, ఒక సూట్‌కేసు ఉంది. తొమ్మిది గంటల బస్సుకి అద్దంకి నుంచి బావమరిది శ్రీకృష్ణ దిగాడు. ఈ కబురు ఊళ్ళో ఎట్లా పాకిందో గానీ, పిలవకుండానే రెండు ఆటోల జనం కల్లానికి వచ్చిపడ్డారు. కోతకు పోవాల్సినవాళ్ళు కూడా వచ్చారు. ఉత్తినే కూర్చుంటే బాగుండదని తలా ఒక చాట అందుకున్నారు. కాసేపటికి శ్రీరమ్య కూడా వచ్చి కంచె దగ్గర నిలబడింది. ఆమెను ఇంటికి తీసుకుపోదామని వచ్చిన త్రినాథ్, కాసేపు చూసి, తనూ కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాడు.

కనకలక్ష్మి ఉండుండి వరండాలోకి వస్తుంది, తమ్ముడితో ఒక్క మాట అంటుంది, లోపలికి పోతుంది. ఆ ఒక్క మాట కోసం చెవులన్నీ అటే ఉన్నాయి, కళ్ళు మాత్రం కాయల మీదున్నాయి. బుల్లయ్య స్టూలు ముందుకు లాక్కున్నాడు. చలపతి నిజం చెప్పేశాడు, ప్రమీల నమ్మేసింది, అందరూ నవ్వుకున్నారు అని అచ్చం శ్రీరమ్యలాగే రెండు ముక్కల్లో తేల్చబోయాడు. కల్లం ఒప్పుకోలేదు.

"అప్పుడే ఎట్టా నమ్ముద్దయ్యా?" అంది బసవమ్మ. "ఇంకా సగం కుప్ప అట్నే ఉంది."

బుల్లయ్య ఇరకాటం ఇదీ. చూసింది సీరియల్ కాదు, క్రికెట్టని చెబితే కనకలక్ష్మి నమ్మొచ్చు. కానీ అది విన్న మరుక్షణం కూలీలు తమను ఇన్నాళ్ళూ మోసం చేశాడని లేచిపోతారు. దక్షిణాన మబ్బు కమ్ముతోంది. చెప్పకపోతే కాయ దక్కుతుంది, ఇల్లాలు అద్దంకి బస్సెక్కుతుంది. పొద్దుగూకేదాకా అతను కుప్పను చూశాడు, సూట్‌కేసును చూశాడు. కూలీలు వెళ్ళాక ఇంట్లోకి వచ్చాడు. కాయ పోతే పోయింది, వచ్చే ఏడు మళ్ళీ కాస్తుంది అనుకున్నాడు. అట్లా అనుకోవడం మిరప రైతుకి ఎంత కష్టమో మిరప రైతుకే తెలియాలి.

"కనకం, నేను చెప్పేది కాస్త విను."

"ఇప్పుడొద్దు," అంది కనకలక్ష్మి. "రేపు చెప్పండి. అందరి ముందూ."

శనివారం మబ్బు నెత్తిమీదికి వచ్చింది. శ్రీకృష్ణ కల్లంలో కూర్చుని, బావా నువ్వు రోజూ ఎక్కడికి పోయావ్ అని అడుగుతూనే ఉన్నాడు, చేత్తో కాయలు ఏరుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి కుప్ప అడుగంటుతోంది. లారీ వచ్చి రోడ్డు మీద ఆగింది. అప్పుడు కనకలక్ష్మి సూట్‌కేసు పట్టుకుని మెట్లు దిగింది. కల్లంలో చేతుల వేగం రెట్టింపైంది. ఆమె బాజీ ఆటో ఎక్కింది. బాజీ ఆటో స్టార్ట్ చేశాడు. గొడుగు మరిచానని ఆమె దిగింది, లోపలికి పోయి వచ్చి మళ్ళీ ఎక్కింది. చెప్పులు మార్చుకోవాలని మళ్ళీ దిగింది. బాజీ ఆటో ఆపుతున్నాడు, స్టార్ట్ చేస్తున్నాడు. మూడోసారి ఆమె ఆటోలో కాలు పెట్టేసరికి బుల్లయ్య తట్టుకోలేకపోయాడు. స్టూలు మీద నుంచి లేచి కల్లం మధ్యలోకి వచ్చేశాడు.

"నేను ఒక్కరోజు కూడా సీరియల్ చూడలా," అన్నాడు. "బాషా కొట్లో క్రికెట్ చూశా. అత్తరు వాడే రాశాడు. పంపూ, పళ్ళూ, చొక్కా అన్నీ నేను కల్పించినవే. మీరంతా లేచిపోయినా సరే. కనకం, నువ్వు మాత్రం దిగు."

ఎవరూ లేవలేదు. బసవమ్మ చాటలో మిగిలిన గుప్పెడు కాయలు చూసుకుని, ఒక్క తాలుకాయ ఏరి పక్కన పడేసి, ఒళ్ళు దులుపుకుంది.

"అయిపోయినయ్యమ్మా," అంది ఆటో వైపు తిరిగి.

కనకలక్ష్మి ఆటో దిగి, కల్లంలోకి వచ్చి సూట్‌కేసు తెరిచింది. అందులో చీరల్లేవు, గోతాలు కుట్టే దబ్బనాలూ పురికొస ఉండలూ ఉన్నాయి. తలా ఒకటి తీసుకోమని ఆడవాళ్ళకు పంచింది.

"గురువారం సాయంత్రం నువ్వు అటు పోగానే బాషా ఇంటికి ఫోన్ చేశా," అంది మొగుడితో. "ఖుర్షిదా మొత్తం చెప్పింది. మీ ఇద్దరూ కలిసి ఎవరెవర్ని తిడుతున్నారో అది కూడా."

బుల్లయ్యకు ఆ మాటల్లో ముందుగా వినిపించింది నువ్వు అన్న పిలుపు. అది విన్నాకే ప్రాణం కుదుటపడి, మిగతాది అడిగే ఓపిక వచ్చింది.

"మరి నిన్న చెప్తానంటే ఎందుకు వద్దన్నావ్?"

"నిన్న సగం కుప్ప ఉందిగా."

బసవమ్మ తలొంచుకుని దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తోంది. ఆమెకు ఈ సంగతంతా శుక్రవారం పొద్దున్నే తెలుసని బుల్లయ్యకు అప్పుడు అర్థమైంది. గుల్జార్ బేగం ఒక్కతే మొహం చిన్నబుచ్చుకుంది. అయితే ఆ మామ్మగారి పళ్ళు నిజంగా పోలేదా అని అందర్నీ పేరుపేరునా అడిగింది. గోతాలు కుట్టి, లారీకెత్తి, పైన టార్పాలిన్ పట్టా బిగించేసరికి సాయంత్రమైంది. లారీ పెద్ద రోడ్డెక్కాక తొలి చినుకు ఖాళీ కల్లంలో పడింది. ఆ రాత్రి పప్పులో ఉప్పు సరిపోయింది.

మరుసటి వారం కరెంటు కోత మధ్యాహ్నానికి మారింది. ఏడున్నరకి బుల్లయ్య ఇంట్లో టీవీ ముందు కనకలక్ష్మి చీరాల చీర కట్టుకుని కూర్చుంది. బసవమ్మ, గుల్జార్ బేగం వరండాలో చేరారు. జనరేటర్ ఉన్న శ్రీరమ్య కూడా ఎందుకో అక్కడికే వచ్చింది. సీరియల్ మొదలైంది. చలపతి పొద్దుపోయాక ఇంటికొచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. ప్రమీల ఆ చొక్కా అందుకుని వాసన చూసింది. మన బుల్లయ్య కథను టీవీవాళ్ళు ఎత్తుకుపోయారని గుల్జార్ బేగం తీర్మానించింది. చెప్పాగా, రోజూ అదే అని శ్రీరమ్య అంది, కుర్చీ మాత్రం ముందుకు జరుపుకుంది.

బుల్లయ్య లేచి బండి తాళాల కోసం చూశాడు. అది తనకు తెలిసిన కథేనన్నాడు.

"నాకూ తెలుసు," అంది కనకలక్ష్మి, టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "కూర్చో."

బుల్లయ్య కూర్చున్నాడు. కథ సగానికి వచ్చేసరికి, ఈ చలపతి నిజం చెబుతాడో చెప్పడోనని అతనికి నిజంగానే కంగారు పుట్టింది.